హార్డ్ డిస్కు తన గురించి రాసుకునే లెక్కలు: టెర్మినల్‌లో వాటిని చదివే పద్ధతి

(లినక్స్ వాడేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి, ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం ఇది. కమాండ్లను వక్త పలికినట్టే తెలుగు లిపిలో ఉంచాము.)

సభకు నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక విషయం గురించి మాట్లాడతాను. మీ కంప్యూటరులో తిరుగుతున్న హార్డ్ డిస్కు ఏ స్థితిలో ఉంది, దానిని ఇంకా ఎంతవరకు నమ్మవచ్చు అన్న సంగతిని, టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ, తెరిచి, నాలుగైదు కమాండ్లతో ఆ డిస్కునే అడిగి ఎలా తెలుసుకోవాలి అన్నదే ఆ విషయం. ఈ హాలులో పాత పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరిచేవారు ఉన్నారు, పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు తీసే స్టూడియోల వారు ఉన్నారు, చిన్న ఆఫీసుల్లో టాలీ లెక్కలు చూసుకునేవారు ఉన్నారు, ఇంకా చదువుకుంటున్న పిల్లలు ఉన్నారు. డిస్కు పోతే మళ్లీ సంపాదించలేని డేటా మీలో ప్రతి ఒక్కరి దగ్గరా ఉంది. అందుకే ఈ విషయం మీ ముందు చెప్పాలని నేను గట్టిగా కోరుకున్నాను.

ప్రతి హార్డ్ డిస్కు లోపల ఒక చిన్న ప్రాసెసరు, దాన్ని నడిపే ప్రోగ్రాము ఉంటాయి. అవి మనం అడిగిన డేటా ఇస్తూనే, ఎన్ని గంటలు తిరిగాము, ఎన్నిసార్లు ఆగి మళ్లీ మొదలయ్యాము, ఏ సెక్టారును, అంటే డేటా దాచే ఏ చిన్న గడిని, చదవలేకపోయాము, ఎన్ని సెక్టార్లను పక్కన పెట్టేశాము అని తమ లెక్కలు తాము రాసుకుంటూ ఉంటాయి. ఈ ఏర్పాటుకు స్మార్ట్ అని పేరు. 1990ల మొదట్లో ఐబీఎం, దాని తరువాత కాంపాక్ తమ యంత్రాల కోసం ఇటువంటి పద్ధతులు తయారు చేసుకున్నాయి. 1995లో కాంపాక్ తన పద్ధతిని అందరికీ ఉమ్మడి ప్రమాణంగా ప్రతిపాదించింది, అక్కడి నుంచి ఇది దాదాపు ప్రతి డిస్కులోకీ చేరింది. అంటే మీ డిస్కు ఇన్నాళ్లుగా లెక్కలు రాస్తూనే ఉంది. వాటిని మనం ఎప్పుడైనా తెరిచి చూశామా? చాలామంది చూడలేదు.

చూడడానికి కావలసిన ఉపకరణం పేరు స్మార్ట్‌మాన్‌టూల్స్. దీని వెనక ఉన్న కథ నాకు చాలా ఇష్టం, రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళతాను. గురుత్వాకర్షణ తరంగాల మీద పరిశోధన చేసే బ్రూస్ అలెన్ అనే భౌతిక శాస్త్రవేత్త, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మిల్వాకీ ప్రాంగణంలో ఆ డేటాను విశ్లేషించడానికి వందల కంప్యూటర్లను కలిపి ఒక క్లస్టరు నడిపేవారు. వందల కంప్యూటర్లంటే వందల డిస్కులు కదా? వాటిలో ఏది ఎప్పుడు పోతుందో ముందుగా తెలుసుకోవలసిన అవసరం ఆయనకు వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ ప్రాంగణంలో అంతకుముందే తయారైన స్మార్ట్‌సూట్ అనే ప్రోగ్రామును పునాదిగా తీసుకుని, 2002లో ఆయన ఈ పని మొదలుపెట్టారు. ఆ అవసరం నుంచి పుట్టిన ఉపకరణం ఈ రోజు మీకూ నాకూ ఉచితంగా అందుతోంది.

ఉబుంటులో గానీ డెబియన్‌లో గానీ సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్మార్ట్‌మాన్‌టూల్స్ అని కొడితే సరిపోతుంది. ఫెడోరాలో ఆప్ట్‌కు బదులు డీఎన్‌ఎఫ్. విండోస్‌కు, మ్యాక్‌కు కూడా ఇది దొరుకుతుంది, కమాండ్లు దాదాపు ఇవే. ఇందులో రెండు ప్రోగ్రాములు ఉంటాయి. మనం అడిగినప్పుడు జవాబు చెప్పేది స్మార్ట్‌సీటీఎల్. వెనకాల ఉండిపోయి డిస్కును కనిపెట్టుకుని ఉండేది స్మార్ట్‌డీ. ముందు మొదటి దానితో కూర్చుందాం.

కమాండ్లలోకి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. ఏ డిస్కును అడుగుతున్నామో మనకు తెలిసి ఉండాలి. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు డిస్కుకు శాశ్వతంగా అంటుకుని ఉండేవి కావు. కంప్యూటరు మళ్లీ మొదలైనప్పుడు, ఇంకో డిస్కు తగిలించినప్పుడు అవి తారుమారు కావచ్చు. అందుచేత సుడో స్మార్ట్‌సీటీఎల్, స్పేస్, హైఫన్ చిన్న ఐ, స్పేస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ అని కొట్టండి. మోడలు, సీరియల్ నంబరు, ఎన్ని బైట్ల డిస్కు అన్నవి వస్తాయి. ఆ సీరియల్ నంబరును డిస్కు మీద ఉన్న స్టిక్కరుతో సరిచూసుకుని ఒక చోట రాసి పెట్టుకోండి. ఒకే మోడలు డిస్కులు రెండు మూడు ఉన్న కంప్యూటరులో, చెడిపోయిన దానిని వదిలి బాగున్న దానిని ఊడదీయడం ఎంత సులభమో, ఆ పని చేసేవారికి తెలుసు.

యూఎస్‌బీ డిస్కుల గురించి ముందు వరుసలో ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. యూఎస్‌బీ పెట్టెలో డిస్కుకూ మనకూ మధ్య ఒక చిప్ ఉంటుంది. కొన్ని చిప్‌లు మన ప్రశ్నను డిస్కు దాకా వెళ్లనిస్తాయి, కొన్ని వెళ్లనివ్వవు. ఉత్త కమాండుతో జవాబు రాకపోతే హైఫన్ చిన్న డీ, స్పేస్, శాట్ అని చేర్చి మళ్లీ అడగండి, చాలా పెట్టెలు అప్పుడు పలుకుతాయి. అప్పటికీ పలకకపోతే డిస్కును పెట్టెలోంచి తీసి, నేరుగా మదర్‌బోర్డు నుంచి వచ్చే శాటా కేబులుకు తగిలించి చూడడమే మార్గం.

ఇప్పుడు అందరూ మొదట నేర్చుకునే కమాండు దగ్గరికి వద్దాం. ఇందాకటి కమాండులోనే హైఫన్ చిన్న ఐ బదులు హైఫన్ పెద్ద హెచ్. మొత్తం మీద డిస్కు ఆరోగ్యం ఎలా ఉంది అని అడగడం ఇది. తెర మీద చూడండి, పాస్డ్ అని వచ్చింది. వెనక వరుసలో ఉన్నవారికి కనిపిస్తోందా? ఈ మాట చూసి చాలామంది హాయిగా టెర్మినల్ మూసేస్తారు. ఈ రోజు మీరు ఇక్కడి నుంచి ఒక్క సంగతి మాత్రమే తీసుకువెళ్లగలిగితే, ఇది తీసుకువెళ్లండి: ఆ పాస్డ్ దగ్గర ఆగిపోవద్దు.

ఎందుకు ఆగిపోవద్దు? ఆ తీర్పు ఎలా వస్తుందో చూడండి. డిస్కు రాసుకునే ప్రతి లెక్కకూ తయారీదారు ఒక హద్దు పెట్టి ఉంచుతాడు. ముఖ్యమైన లెక్కల్లో ఏదో ఒకటి ఆ హద్దుకు దిగజారితేనే ఫెయిల్డ్ అని వస్తుంది, లేకపోతే పాస్డే. పదో తరగతిలో 35 మార్కులు వస్తే పాస్, 99 వచ్చినా పాస్. డిస్కు విషయంలో ఆ 35 ఎక్కడ ఉండాలో నిర్ణయించింది వారంటీ భారం మోసే తయారీదారు. వందల సెక్టార్లు పాడైపోయినా పాస్డ్ అని చెబుతూనే ఉన్న డిస్కులు ఉన్నాయి. అదే ఫెయిల్డ్ అని వస్తే మాత్రం మరో మాట లేదు. అప్పుడు స్మార్ట్‌సీటీఎల్ తానే, 24 గంటల లోపల డిస్కు చెడిపోవచ్చు, డేటా అంతా దాచుకోండి అని పెద్ద అక్షరాలతో హెచ్చరిస్తుంది. ఫెయిల్డ్ అన్నప్పుడు పూర్తిగా నమ్మండి. పాస్డ్ అన్నప్పుడు తరువాతి కమాండుకు వెళ్లండి.

ఆ తరువాతి కమాండు హైఫన్ పెద్ద ఏ. అసలు లెక్కల పట్టిక ఇది. చూడగానే కళ్లు తిరిగేటట్టు ఉంటుందని నాకు తెలుసు, కంగారు పడకండి. అడ్డంగా ఒక వరుస తీసుకుందాం. ఎడమ వైపు మొదట ఆ లెక్క నంబరు, దాని పేరు ఉంటాయి. ఆ తరువాత వాల్యూ, వర్స్ట్, థ్రెష్ అని మూడు అంకెలు. వాల్యూ అన్నది తయారీదారు తన సూత్రంతో మార్చి ఇచ్చే అంకె, అది సాధారణంగా 100 దగ్గరో 200 దగ్గరో మొదలై, పరిస్థితి చెడుతున్న కొద్దీ కిందికి దిగుతుంది. వర్స్ట్ అన్నది ఇప్పటిదాకా అది ఎంత కిందికి దిగిందో చెబుతుంది. థ్రెష్ అన్నదే ఇందాక చెప్పిన హద్దు. ఇక అన్నిటికంటే కుడి చివర ఉన్నది రా వాల్యూ, అంటే మార్చకుండా ఇచ్చిన లెక్క. మన చూపు నిలవవలసింది ఆ కుడి చివరి అంకె మీద.

మధ్యలో ప్రీ ఫెయిల్, ఓల్డ్ ఏజ్ అని ఒక గడి కనిపిస్తుంది. కొత్త డిస్కు కొన్న కుర్రవాడు ఈ గడి చూసి, తన డిస్కు అప్పుడే చెడిపోబోతోందని భయపడడం మామూలే. ఆ గడి మీ డిస్కు స్థితిని చెప్పదు. ఆ లెక్క ఏ జాతికి చెందినదో మాత్రమే చెబుతుంది. పక్కనే వెన్ ఫెయిల్డ్ అన్న గడి ఉంది, అక్కడ చిన్న గీత తప్ప మరేమీ లేకపోతే ఆ లెక్క ఇంకా హద్దు దాటలేదని అర్థం.

పట్టికలో ఇరవై దాకా వరుసలు ఉంటాయి. అన్నీ చదవాలా? అక్కరలేదు. ముందుగా చూడవలసినవి 5, 197, 198. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది, ఆ సంబంధం అర్థమైతే మీకు సగం విద్య వచ్చినట్టే, కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడదాం.

మీరు ఒక ఫైలు తెరిచారు. డిస్కు ఒక సెక్టారును చదవబోయింది, చదవడం కుదరలేదు, మళ్లీ మళ్లీ ప్రయత్నించింది, అయినా కుదరలేదు. అప్పుడు అది ఏం చేస్తుంది? ఆ సెక్టారును వెంటనే తీసివేసి, దాని స్థానంలో తన దగ్గర విడిగా ఉంచుకున్న మంచి సెక్టారును పెట్టేయవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. కానీ అలా పెడితే ఆ కొత్త సెక్టారులో ఏం రాయాలి? పాత దానిలో ఏముందో డిస్కుకు తెలియదు. తెలియనిదాన్ని రాసి ఇస్తే మీకు అబద్ధపు డేటా ఇచ్చినట్టు అవుతుంది. అందుకని అది ఆ సెక్టారును తీర్పు రాని కేసులాగా పెండింగులో పెడుతుంది. 197వ లెక్క, కరెంట్ పెండింగ్ సెక్టార్, ఒకటి పెరుగుతుంది. తరువాత ఎప్పుడో మీరే ఆ చోట కొత్త డేటా రాస్తారు. ఇప్పుడు పాత డేటాతో డిస్కుకు పని లేదు. కొత్తది అక్కడే రాసి చూస్తుంది, సరిగా నిలిస్తే ఆ సెక్టారు మళ్లీ మంచివాటిలో చేరుతుంది, 197 తగ్గుతుంది. నిలవకపోతే విడి సెక్టార్లలో ఒకదాన్ని దాని బదులు వాడుకుంటుంది. అప్పుడు 197 తగ్గి, 5వ లెక్క, రీ అలొకేటెడ్ సెక్టార్ కౌంట్, ఒకటి పెరుగుతుంది. 198 అన్నది డిస్కు తీరికగా తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయిన సెక్టార్ల లెక్క.

కాబట్టి 197 దగ్గర సున్నా కాకుండా ఒక అంకె కనిపిస్తే ఏమిటి అర్థం? ఆ అంకె ఎంత ఉంటే మీ డిస్కులో అన్ని సెక్టార్ల డేటా ఇప్పటికే చదవలేని స్థితిలో ఉంది అని అర్థం. ఆ చోట ఫైలు ఉంటే, ఆ ఫైలుకు ఇప్పటికే దెబ్బ తగిలింది. మరి నిన్న 8 ఉన్న అంకె ఈ రోజు సున్నా అయితే? డిస్కు బాగుపడిందని సంబరపడకండి. చాలావరకు ఆ ఎనిమిది చోట్లా కొత్త డేటా రాయడం జరిగి ఉంటుంది, అంతే. అలా రాసిన చోట పాత డేటా మాత్రం తిరిగి రాదు.

ఈ లెక్కలకు నిజంగా అంత విలువ ఉందా అని మీరు అడగవచ్చు. 2007లో గూగుల్ పరిశోధకులు తమ సంస్థలోని లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పత్రం ప్రకటించారు. అందులో తేలినది చెబుతాను. డిస్కు తన సెక్టార్లను తానే చదివి చూసుకునే స్కాన్‌లో మొదటి తప్పు కనబడిన డిస్కులు, అటువంటి తప్పు లేని డిస్కులతో పోలిస్తే, 60 రోజుల లోపల చెడిపోయే అవకాశం 39 రెట్లు. మొదటి రీ అలొకేషన్ తరువాత 14 రెట్లు. మొదటి పెండింగ్ సెక్టారు తరువాత 16 రెట్లు. అంటే సున్నా నుంచి ఒకటికి మారడమే పెద్ద వార్త. ఇప్పుడు అదే పత్రంలోని రెండో వైపు కూడా వినండి. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతానికి మించి, ఈ ముఖ్యమైన లెక్కల్లో ఏ ఒక్కటీ కదలకుండానే పోయాయి. అమెరికాలో క్లౌడ్ బ్యాకప్ ఇచ్చే బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2016లో తన డిస్కుల లెక్క చెప్పినప్పుడు, 5, 187, 188, 197, 198 అనే ఐదింటిలో ఏదో ఒకటి సున్నా దాటి ఉన్నవి చెడిపోయిన డిస్కుల్లో 76.7 శాతం. మిగిలిన 23.3 శాతం ఏ సూచనా లేకుండా ఆగిపోయాయి. ఈ రెండు వైపులనూ కలిపి గుర్తుంచుకోండి. లెక్క కదిలితే తప్పకుండా నమ్మండి, కదలలేదని బ్యాకప్ మానకండి. స్మార్ట్ ఎంత బాగా చదవడం వచ్చినా అది బ్యాకప్‌కు బదులు కాదు.

ఇక మిగతా వరుసల్లో కొన్నిటిని త్వరగా చూద్దాం. 187 అంటే డిస్కు సరిదిద్దలేక మన కంప్యూటరుకు తప్పు అని చెప్పేసిన సందర్భాలు. 188 అంటే అడిగిన సమయంలో జవాబు ఇవ్వలేకపోయిన సందర్భాలు. 199, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, దీని గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే దీన్ని చూసి మంచి డిస్కులను పారేసినవారు ఉన్నారు. ఇది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిన సందర్భాల లెక్క. చాలాసార్లు తప్పు శాటా కేబులుదే ఉంటుంది. కేబులు మార్చి, గట్టిగా తగిలించి, అంకె ఇంకా పెరుగుతోందా లేదా అని చూడండి. పాత అంకె సున్నా కాదు, అది అలాగే ఉంటుంది. పెరగడం ఆగిందా, అదే చూడవలసింది.

సీగేట్ డిస్కులు వాడేవారు ఎందరున్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీ పట్టికలో మొదటి లెక్క, రా రీడ్ ఎర్రర్ రేట్, దాని ఎదురుగా కోట్లలో అంకె కనిపిస్తుంది, ఏడో లెక్కకు కూడా అంతే. భయపడవద్దు. ఆ సంస్థ డిస్కుల్లో తప్పుల సంఖ్య, మొత్తం చేసిన పనుల సంఖ్య రెండూ కలిపి ఒకే అంకెలో కుదించి ఉంటాయి. మీకు కనిపిస్తున్న కోట్లు చాలావరకు చేసిన పనులే. రా వాల్యూలో ఏది ఎలా రాయాలో ప్రమాణం కచ్చితంగా నిర్దేశించలేదు కాబట్టి, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చవద్దు. మీ డిస్కును దాని నిన్నటి అంకెతోనే పోల్చండి.

192వ లెక్క మన ఊళ్లలో పనికివచ్చేది. కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు డిస్కు డేటాను చదివే, రాసే తన హెడ్లను హడావుడిగా వెనక్కి లాగుకోవలసి వస్తుంది, ఆ సందర్భాలు ఇక్కడ నమోదవుతాయి. యూపీఎస్ ఉన్న ఆఫీసులో కూడా ఇది పెరుగుతూ పోతోందంటే, యూపీఎస్ బ్యాటరీ ఒకసారి చూపించుకోవాలి. 194 ఉష్ణోగ్రత. విజయవాడలో, రామగుండంలో మే నెలలో గది వేడి సంగతి మీకు చెప్పనక్కరలేదు. చాలా డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి బాగా కిందే ఉంచాలి. అయితే గూగుల్ వారి పరిశీలనలో, వేడికీ చెడిపోవడానికీ మధ్య అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనబడలేదు. 45 డిగ్రీలు చూసి నిద్ర మానుకోవద్దు, 197 దగ్గర ఒకటి కనబడితే మాత్రం ఆ రాత్రే లేచి కూర్చోండి.

ఇంతవరకు డిస్కు ఇప్పటికే రాసుకున్నది చదివాము. కానీ ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్లు ఉన్న చోట సెక్టారు పాడైతే డిస్కుకైనా ఎలా తెలుస్తుంది? చదివితేనే కదా తెలిసేది! స్కాన్ చేసిన పుస్తకాలు దాచేవారు ఈ మాట జాగ్రత్తగా వినండి, మీ డేటాలో అధిక భాగం అటువంటిదే. అందుకోసమే డిస్కు తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు ఉంది. స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ చిన్న టీ షార్ట్ అంటే రెండు నిమిషాల్లో ముగిసే పరీక్ష, అది పైపైన చూస్తుంది. హైఫన్ టీ లాంగ్ అంటే మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా చదివి చూస్తుంది. 4 టీబీ డిస్కు సెకనుకు సగటున 150 ఎంబీ చదివితే ఏడు గంటలకు పైగా పడుతుంది. ఎంతసేపు పట్టవచ్చో కమాండు ఇచ్చిన వెంటనే తెర మీద చెబుతుంది. ఆ సమయమంతా మీరు డిస్కును వాడుకోవచ్చు, మీ పని వచ్చినప్పుడు పరీక్ష పక్కకు తప్పుకుంటుంది. పరీక్ష మీ డేటాను చదువుతుందే తప్ప మార్చదు.

కమాండు కొట్టగానే టెర్మినల్ మళ్లీ మన చేతికి వస్తుంది, పరీక్ష లోపల నడుస్తూ ఉంటుంది. ఫలితం చూడడానికి హైఫన్ చిన్న ఎల్, స్పేస్, సెల్ఫ్‌టెస్ట్. కంప్లీటెడ్ వితౌట్ ఎర్రర్ అని ఉంటే సంతోషం. రీడ్ ఫెయిల్యూర్ అని ఉంటే, పక్కనే ఏ సెక్టారు దగ్గర ఆగిపోయిందో దాని నంబరు కూడా ఉంటుంది. చాలా డిస్కులు మొదటి తప్పు దగ్గరే పరీక్ష ఆపేస్తాయి, కాబట్టి ఒక తప్పు కనిపించిందంటే ఒకటే ఉందని కాదు. మధ్యలో కరెంటు పోతేనో, యూఎస్‌బీ పెట్టె నిద్రలోకి జారుకుంటేనో పరీక్ష ఆగిపోయిందని ఇక్కడే రాసి ఉంటుంది, అప్పుడు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. కొత్తగా కొన్న డిస్కు మీద డేటా వేసే ముందు ఒక లాంగ్ టెస్టు, ఆ తరువాత నెలకో రెండు నెలలకో ఒకటి పెట్టుకోండి.

ఇదే సందర్భంలో జర్నల్‌సీటీఎల్ హైఫన్ చిన్న కే కూడా చూస్తూ ఉండండి. డిస్కుతో మాట్లాడడంలో లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌కు వచ్చిన ఇబ్బందులన్నీ అందులో ఉంటాయి. ఐ ఓ ఎర్రర్, మీడియం ఎర్రర్ అన్న మాటలు కనిపిస్తే స్మార్ట్ పట్టికకు వెళ్లండి.

సరే, తప్పు కనబడింది. ఇప్పుడేం చేయాలి? ఇక్కడ తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. చాలామంది వెంటనే రిపేరు కమాండు కొడతారు. లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌సీకే గానీ, విండోస్‌లో సీహెచ్‌కే డిస్కు గానీ, అవి ఫైలు వ్యవస్థను సరిదిద్దడానికి డిస్కు మీద రాస్తాయి. చెడిపోతున్న డిస్కు మీద రాయడం అంటే, ఇంకా మిగిలి ఉన్నదాని మీద చేయి వేయడం. బ్యాడ్‌బ్లాక్స్ అనే కమాండు కూడా మీకు తెలిసి ఉంటుంది. మామూలుగా అయితే అది చదవడం మాత్రమే చేస్తుంది, కానీ హైఫన్ చిన్న డబ్ల్యూ చేర్చారా, డిస్కులో ఉన్నదంతా తుడిచి రాసేస్తుంది. ఖాళీ డిస్కు మీద తప్ప ఆ అక్షరం ఎప్పుడూ వాడకండి. ఎప్పుడూ అంటే ఎప్పుడూ.

మొదటి పని, డేటాను బయటికి తెచ్చుకోవడం. డిస్కు ఇంకా బాగానే చదువుతూ, ఒకటి రెండు సెక్టార్లే పెండింగులో ఉంటే, ముఖ్యమైన ఫోల్డర్లను ముందుగా కాపీ చేసుకోండి. పరిస్థితి అంతకంటే చెడ్డగా ఉంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఉంది. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీ పేరు మొదట్లో ఒక జీ అదనంగా ఉంటుంది, జీడీడీరెస్క్యూ, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఇది ముందు తేలికగా చదవగలిగిన చోట్లన్నీ చదివేసి, మొండికేసిన చోట్లను వదిలిపెట్టి ముందుకు వెళ్లిపోతుంది. ఎక్కడ చదివింది, ఎక్కడ వదిలింది అన్నది మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయినా, డిస్కు వేడెక్కి మీరే ఆపినా, అదే మ్యాప్ ఫైలుతో మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటు నుంచి సాగుతుంది. అందుకని మ్యాప్ ఫైలు ఇవ్వకుండా దీన్ని ఎప్పుడూ నడపవద్దు. మొదటి విడత హైఫన్ చిన్న ఎన్ చేర్చి నడపండి, మొండి చోట్ల జోలికి వెళ్లదు. రెండో విడత హైఫన్ చిన్న డీ, హైఫన్ చిన్న ఆర్ మూడు అని ఇచ్చి, మిగిలినవాటిని మూడుసార్లు ప్రయత్నించమనండి. కమాండులో ముందు వచ్చేది పాత డిస్కు, తరువాత వచ్చేది కాపీ చేరవలసిన చోటు. ఎంటర్ నొక్కే ముందు సీరియల్ నంబర్లతో మరొకసారి సరిచూడండి, తారుమారైతే మిగిలినది కూడా పోతుంది. డిస్కు లోపలి నుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తూ, లోపల ప్రాణప్రదమైన డేటా ఉంటే, ఇవేవీ చేయకుండా కరెంటు తీసేసి, రికవరీ చేసేవారి దగ్గరికి తీసుకువెళ్లండి.

తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీల సంగతేమిటని ఇందాకటి నుంచి ఒక అమ్మాయి చేయి ఎత్తే ఉంచింది. చెబుతానమ్మా. ఎస్ఎస్‌డీల్లో ఒక రకమైన ఎన్‌వీఎంఈ డ్రైవులకు కూడా స్మార్ట్‌సీటీఎల్ పనిచేస్తుంది, కాకపోతే పట్టిక వేరు, ప్రమాణం స్పష్టంగా ఉండడం వల్ల చదవడం ఇంకా తేలిక. క్రిటికల్ వార్నింగ్ సున్నాగా ఉండాలి. అవైలబుల్ స్పేర్ అంటే విడిగా ఉంచుకున్న నిల్వలో ఎంత మిగిలిందో శాతంలో చెబుతుంది, దాని కిందే హద్దు కూడా ఉంటుంది. పర్సెంటేజ్ యూజ్డ్ అన్నది తయారీదారు అంచనా వేసిన రాతల ఆయుష్షులో ఎంత వాడారో చెబుతుంది. అది 100 దాటవచ్చు, దాటిన క్షణానే డ్రైవు చచ్చిపోదు. మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ సున్నా దాటితే మాత్రం ఇందాక 197 గురించి చెప్పినంత గట్టిగా తీసుకోండి. ఎంత డేటా రాశామో చెప్పే డేటా యూనిట్లలో ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు.

సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు లాంటి చోట్ల వాడిన డిస్కులు కొనేవారు మీలో ఉంటారు. కొనడంలో తప్పేమీ లేదు. కొనే ముందు 9వ లెక్క, పవర్ ఆన్ అవర్స్, చూడండి. ఆగకుండా నడిచే డిస్కుకు ఏడాదికి 8,760 గంటలు. 40,000 గంటలు చూపిస్తోందంటే నాలుగున్నర ఏళ్లు ఎక్కడో సర్వరులో తిరిగి వచ్చిందన్నమాట. మరి సున్నా చూపిస్తే నమ్మవచ్చా? 2025 మొదట్లో జర్మనీలో, వాడిన సీగేట్ డిస్కులను స్మార్ట్ లెక్కలు తుడిచి, కొత్తవిగా అమ్మిన సంగతి బయటపడింది. ఆ డిస్కుల్లో ఫార్మ్ అనే ఇంకో లాగ్ ఉంటుంది, అసలు గంటలు అందులో దొరికిపోయాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 నుంచి హైఫన్ చిన్న ఎల్, స్పేస్, ఫార్మ్ అని కొట్టి ఆ లాగ్ మీరే చదువుకోవచ్చు. రెండు చోట్లా గంటలు ఒకటేనా కాదా చూసి, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.

చివరగా, ఇదంతా రోజూ చేతితో చేయగలమా? చేయలేము. ఒక్క రోజు పట్టిక చూసి లాభం లేదు, మారుతోందా లేదా అన్నదే మనకు కావాలి. నెలకొకసారి హైఫన్ చిన్న ఎక్స్‌తో పూర్తి వివరం తీసుకుని, తేదీ పేరుతో ఒక ఫైలులో దాచి, ఆ ఫైలు వేరే డిస్కులో ఉంచండి. చెప్పిన వేళకు కమాండ్లు నడిపే క్రాన్‌లో ఒక వరుస రాస్తే అదే జరిగిపోతుంది. రెండు నెలల ఫైళ్లను డిఫ్ కమాండుతో పోలిస్తే ఏది కదిలిందో కనిపిస్తుంది. స్క్రిప్టు రాసేవారికి ఒక సూచన. స్మార్ట్‌సీటీఎల్ ముగిసేటప్పుడు ఇచ్చే కోడ్ సున్నా కాకపోతే, కమాండు తప్పిందనే అనుకోవద్దు. అందులో ఒక్కో బిట్‌కు ఒక్కో అర్థం ఉంది. ఉదాహరణకు 64 అంటే ఎర్రర్ లాగ్‌లో తప్పులు ఉన్నాయని, 128 అంటే సెల్ఫ్‌టెస్ట్ లాగ్‌లో ఉన్నాయని.

రోజువారీ కాపలాకు స్మార్ట్‌డీ ఉంది. మామూలుగా 30 నిమిషాలకు ఒకసారి అది డిస్కును పలకరిస్తుంది. స్లాష్ ఈటీసీ స్లాష్ స్మార్ట్‌డీ డాట్ కాన్ఫ్ ఫైలులో డివైస్‌స్కాన్ అని మొదలయ్యే ఒక్క వరుస చాలు. అందులో హైఫన్ చిన్న ఏ అంటే అన్నీ గమనించమని, హైఫన్ చిన్న ఎస్ అంటే ఫలానా వేళకు పరీక్షలు పెట్టమని, హైఫన్ చిన్న ఎం తరువాత మీ మెయిలు చిరునామా. రోజూ రాత్రి రెండు గంటలకు షార్ట్ టెస్టు, శనివారం మూడు గంటలకు లాంగ్ టెస్టు పెట్టే పద్ధతి మాన్యువల్‌లోనే ఉదాహరణగా ఉంది, దాన్ని తీసుకుని, మీ కంప్యూటరు ఏ వేళ నడుస్తూ ఉంటుందో ఆ వేళకు మార్చుకోండి. రాత్రి తొమ్మిదికి ఆఫీసు మూసేవారు రెండు గంటలకు పరీక్ష పెట్టుకుని ఏం లాభం?

అదే వరుస చివర హైఫన్ పెద్ద ఎం, స్పేస్, టెస్ట్ అని చేర్చి స్మార్ట్‌డీని మళ్లీ మొదలుపెట్టండి, వెంటనే ఒక పరీక్ష మెయిలు రావాలి. రాకపోతే మీ కంప్యూటరులో మెయిలు పంపే ఏర్పాటు లేదన్నమాట, అంటే డిస్కు నిజంగా చెడిపోయిన రోజున కూడా మీకు కబురు అందదు. ముందు ఆ ఏర్పాటు చేసుకోండి. మెయిలు అందిన తరువాత టెస్ట్ అన్న భాగాన్ని తీసివేయండి, లేకపోతే స్మార్ట్‌డీ మొదలైన ప్రతిసారీ అదే మెయిలు వస్తుంది. నేను చెప్పవలసినది ఇంతే. డిస్కులు వెంట తెచ్చుకున్నవారు ఈ బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరి పట్టిక తెరిచి 197 దగ్గర నుంచి మొదలుపెడదాం.